నవ్యాంగ్ల సాహిత్యమును మనమేల చదువవలెను?

(అలంపురమునందలి పఠనమందిరమున ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)

 

ఈ సభకు విషయము నిర్ణయమైన నాటినుండి మిత్రులు కొందరు నన్నొక ప్రశ్న యడుగుచున్నారు. "ఆంగ్లేయులు 1947లో దేశము విడిచిపోయిరి. వారి భాష మాత్రము మన కచేరీలను, పాఠశాలలను, తుదకు వంటయిండ్లను గూడ విడువలేదు. అది చాలదన్నట్లు నవబ్రహ్మల సన్నిధిని నిలిచి వారి కవులను గూర్చియు కథకులను గూర్చియు ఉపన్యసింపవలెనా?" అని వారి ప్రశ్న. ఇది త్రోసివేయదగినది కాదు. నేను వృత్తిచేత న్యాయవాదిని. ప్రతివాది లేవనెత్తిన అభ్యంతరమును ముందుగా తేల్చుకొని, పిమ్మట దావాలోనికి దిగుట మాకు అలవాటు. ఇచ్చటను అట్లే చేసెదను.

ఇరువదవ శతాబ్దారంభమున ఇంగ్లీషు కవిత్వమును, చిన్నకథను మార్చివేసిన వారెవరు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో మిత్రుల అభ్యంతరము సగము సడలిపోవును. కవి యేట్సును, కథకుడు జేమ్సు జాయిసును ఐర్లండు దేశీయులు. ఎలియటును, ఎజ్రా పౌండును అమెరికావారు. కాథరీన్ మాన్స్‌ఫీల్డు న్యూజీలాండున 1888లో పుట్టిన స్త్రీ. జోసెఫ్ కాన్రాడు పోలండు జాతీయుడు. పెరిగి పెద్దవాడైన తరువాతగాని ఇంగ్లీషు నేర్చుకొనలేదు. లండను నగరము వారికి సంత మాత్రమే; సరకు వచ్చినది వేరుచోట్లనుండి. ఇంగ్లండున పుట్టినవారిలోనైనను డి. హెచ్. లారెన్సు బొగ్గుగని కార్మికుని కుమారుడు. వర్జీనియా వుల్ఫ్ తన సోదరులకు లభించిన విశ్వవిద్యాలయపు చదువు తనకు లేకపోయిన స్త్రీ. కావున మనము నవ్యాంగ్ల సాహిత్యమనునది సామ్రాజ్యపు దర్బారునందు పుట్టినది కాదు. ఆ దర్బారు గుమ్మమువద్ద నిలువబెట్టబడినవారు, ఏలువారి భాషనే చేతబట్టి, తమ మాటకు అనువుగా దానిని వంచుకొనిరి. పరాయి పాలనలో రెండువందల యేండ్లు గడపిన జాతికి ఈ కథ అర్థము కానిది కాదు.

ఐర్లండు మాట వచ్చినది గనుక తెలుగువారితో ఆ దేశమునకు గల సంబంధమును గూడ స్మరింపవలెను. తరువాతి కాలమున మన రాష్ట్రపతియైన వరాహగిరి వేంకటగిరిగారు 1913 నుండి 1916 వరకు డబ్లిను నగరమున న్యాయశాస్త్రము చదివిరి. జాయిసు కథల సంపుటము "డబ్లినర్సు" అచ్చువడి వెలువడినది 1914లో. అనగా గిరిగారు ఆ వీథులలో తిరుగుచుండిన కాలముననే. ఆయన చదివిన కళాశాలలో ఆంగ్లసాహిత్యము బోధించుచుండిన థామస్ మక్డోనా అను కవి 1916 ఈస్టరు తిరుగుబాటున పాల్గొని, ఆంగ్లసైన్యముచేత కాల్చి చంపబడెను. ఆ సంవత్సరముననే గిరిగారికి ఐర్లండు విడిచి పొమ్మని ఉత్తరువు వచ్చెను.

ఇంకొక సంబంధము మరింత చిత్రమైనది. 1904లో ఇరువదిరెండేండ్ల జాయిసు నిలువనీడ లేక తిరుగుచుండగా డబ్లినులో కొలదిదినములు తన యింట నుంచుకొన్నవాడు జేమ్సు కజిన్స్ అను ఐరిషు కవి. ఈయన 1915లో భారతదేశమునకు వచ్చి, మద్రాసులో అనిబిసెంటమ్మగారి పత్రికలో పనిచేయుచు, ఈస్టరు తిరుగుబాటును మెచ్చుకొని వ్రాసినందున ఆ యుద్యోగము పోగొట్టుకొనెను. పిమ్మట ఆయన చేరినది మన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాల. 1919లో రవీంద్రులు ఆ కళాశాలకు విచ్చేసి జనగణమన గీతమునకు ఆంగ్లానువాదము వ్రాసినది అచ్చటనే. స్వరమును కుదిర్చినవారు కజిన్స్ గారి భార్య మార్గరెట్. జాయిసునకు ఆశ్రయమిచ్చిన చేతులు మన రాయలసీమలో పాఠములు చెప్పినవి. ఇట్టి చరిత్ర గల సాహిత్యమును శత్రువు సొత్తని దూరముగా నుంచుట న్యాయమా?

అభ్యంతరము ఇంతటితో ముగిసినదనుకొని అసలు విషయమునకు వచ్చెదను. ఈ నవ్యులు చేసిన పని యేమి?

మొదట కవిత్వము. 1914లో ఐరోపా మహాసంగ్రామము ఆరంభమైనది. నాలుగేండ్లు సాగినది. మన దేశమునుండియు పదిలక్షలకు మించిన జనులు సముద్రములు దాటి ఆ యుద్ధమున పనిచేసిరి. 70,000 మందికి పైగా తిరిగి రాలేదు. నాగరికతయని, అభివృద్ధియని ఐరోపా దేశములు చెప్పుకొనిన మాటలన్నియు ఆ కందకములలో బురదపాలైనవి. అట్టి కాలమున పాత వృత్తములలో, పాత అలంకారములతో వసంతఋతువును వర్ణించుట ఆ కవులకు అబద్ధముగా దోచెను. ఎలియటు 1922లో ప్రకటించిన "వేస్ట్ లాండ్" అను కావ్యము, అనగా బీడునేల, ఈ మనఃస్థితికి ప్రతిబింబము. అది 434 పంక్తుల కావ్యము. అందు ఒక కథ లేదు. ఒక ఛందస్సు లేదు. పలువురి గొంతులు, పలుభాషల మాటలు పగిలిన అద్దపుముక్కలవలె ప్రక్కప్రక్కన బడియుండును. చదువరి తానే వానిని కూర్చుకొనవలెను.

ఆ కావ్యపు తుదిభాగమున మనకు పరిచితమైన చోటొకటి కలదు. బృహదారణ్యకోపనిషత్తులో దేవతలు, మనుష్యులు, అసురులు ప్రజాపతిని ఉపదేశమడుగగా, ఆయన మువ్వురకును 'ద' యను ఒక్క యక్షరమునే పలికెను. దేవతలు దానిని ఇంద్రియములను అదుపులో నుంచుకొమ్మనుటగాను, మనుష్యులు దానము చేయుమనుటగాను, అసురులు దయ చూపుమనుటగాను గ్రహించిరి. ఉరుము ఉరిమినపుడెల్ల ఆ యుపదేశమే వినవచ్చునని ఋషివాక్యము. హార్వర్డులో సంస్కృతమును, పాళీభాషను చదివిన ఎలియటు, ఎండిన ఐరోపాకు వానమబ్బును వెదకి వెదకి ఈ ఉరుమును మన ఉపనిషత్తునుండి కొనిపోయెను. మన పెరటిలోని మందు పొరుగువాడు వాడుకొనుచుండగా మనము దానిని మరచిపోయియుండుట శోచనీయము. ఆ గ్రంథము చదివినందువలన ఒకడైనను ఉపనిషత్తును తెరచి చూచినచో, పరభాషాపఠనము వ్యర్థము కాలేదని నేనందును.

అయితే వకాల్తా పుచ్చుకొన్నంతమాత్రమున దోషములను దాచరాదు. ఈ కవిత్వమునకు ఒక పెద్ద లోపము కలదు. అది కొద్దిమంది కొరకు వ్రాయబడినది. పలుగ్రంథములు చదివినవారికి గాని దాని గుట్టు విప్పబడదు. ఎలియటు తన కావ్యమునకు తానే టీకలు చేర్చవలసివచ్చెను. మన ప్రబంధములకును వ్యాఖ్యానములు కావలసియుండును గదాయని యెవరైన అనవచ్చును. నిజమే. కాని ప్రబంధమును వినిపించుటకు పౌరాణికుడొకడు ఊరి రచ్చకట్టపై నుండెడివాడు. ఆ కవులకు అట్టివాడు లేడు. అందుచేత వారి కవిత్వము చాలకాలము కళాశాలల గోడల మధ్యనే నిలిచిపోయినది.

చిన్నకథ మాట వేరు. అది ఎల్లవారికిని అందునది. "డబ్లినర్సు" లోని 15 కథలను జాయిసు 1905 నాటికే చాలవరకు వ్రాసియుండెను. అచ్చువేయువారు లేక తొమ్మిదేండ్లు గడచినవి. 1912లో డబ్లినులో ముద్రాపకుడొకడు భయపడి, అచ్చైన ఫారములనే నాశనము చేసెను. జామీనులు, జప్తులు ఎరిగిన మన పత్రికల చరిత్ర తెలిసినవారికి ఆ తొమ్మిదేండ్ల వేదన వివరింపనక్కరలేదు.

ఆ సంపుటములో "ఎవెలీన్" అను కథ కలదు. పందొమ్మిదేండ్ల పిల్ల. తల్లి చనిపోయినది, ఇల్లు చెదరకుండ చూచుకొందునని తల్లికి మాట యిచ్చినది. తండ్రి త్రాగుబోతు, కోపిష్ఠి. తాను అంగడిలో పనిచేసి తెచ్చిన కూలి యంతయు వాని చేతిలో పోయవలెను. ఒక నావికుడు తనను పెండ్లాడి దూరదేశమునకు తీసికొనిపోదునని చెప్పినాడు. టిక్కెట్టు సిద్ధముగా నున్నది. ఓడ కూత వేయుచున్నది. ఆ పిల్ల రేవులో ఇనుపకమ్మిని రెండుచేతుల పట్టుకొని కదలక నిలిచిపోవును. కథ అంతటితో సరి. ఆమె చేసినది ఒప్పా తప్పా అని రచయిత చెప్పడు.

పాలమూరు సీమలో పుట్టి పెరిగినవారికి ఈ కథను వేరొకరు వ్యాఖ్యానింపవలెనా? కరవు వచ్చినపుడు గుంపుమేస్త్రీ చేతిలో ముందుసొమ్ము పుచ్చుకొని, దేశమందలి ఆనకట్టలన్నింటికి మట్టి మోయుటకు పోయినవారు మనవారే. ముసలివారిని, పసివారిని ఇంట విడిచి బస్సెక్కినవారును, ఎక్కలేక స్థంభము పట్టుకొని నిలిచిపోయినవారును మన యూళ్ళలో నున్నారు. పోయినవారి కష్టమును గూర్చి పాటలు వచ్చినవి. పోలేక నిలిచిపోయిన ఆడుపిల్ల గుండెలో నేమి జరుగునో వ్రాసినవారు తక్కువ. ఆ లోటు తెలిసివచ్చుటకైనను ఆ కథను మనము చదువవలెను.

ఈ కథల నడకను నా వృత్తి భాషలో చెప్పిన సులభముగా తెలియును. పాతకథ తీర్పు వంటిది: సాక్ష్యము, విచారణ, తుదకు శిక్షయో విడుదలయో. నవ్యుల కథ సాక్షి వాఙ్మూలము వంటిది. సాక్షి చెప్పినది కొంత. చెప్పక మింగినది కొంత. అనుభవము గల న్యాయాధిపతి రెంటిని వినును. ఇచ్చట చదువరియే న్యాయాధిపతి. మాన్స్‌ఫీల్డు 1922లో ప్రకటించిన "గార్డెన్ పార్టీ" కథను చూడుడు. కలవారి యింట తోటవిందునకు ఏర్పాట్లు జరుగుచుండగా, కొండ దిగువనున్న పేదల వాడలో బండివాడొకడు చనిపోవును. విందు ఆపవలెనని చిన్నకూతురు కోరును, ఎవరును వినరు. విందు ముగిసిన తరువాత మిగిలిన తినుబండారములను బుట్టలో పెట్టి ఆ పిల్లచేతనే చావింటికి పంపుదురు. మిగులుకూడు దానము చేసి మనస్సును ఊరడించుకొను అలవాటు ఒక్క తెల్లవారిదేనా? రచయిత్రి ఎవరిని నిందింపదు. చదివిన మనమే తలవంచుకొందుము.

తీర్పు మాట వచ్చినది గనుక ఒక వ్యాజ్యమును గూడ చెప్పెదను. జాయిసు "యులిసీస్" నవల 1922 ఫిబ్రవరి 2న పారిసులో ఒక పుస్తకములంగడివారిచే ప్రకటింపబడెను. అశ్లీలమని అమెరికా ప్రభుత్వము దానిని దేశములోనికి రానీయలేదు. 1933లో వూల్సీ అను న్యాయమూర్తి ఆ నవలను ఆమూలాగ్రము చదివి, అది అశ్లీలము కాదని తీర్పు చెప్పెను. ఆ తీర్పులో నాకు మిక్కిలి నచ్చినది ఆయన నిర్ణయముకన్న ఆయన పద్ధతి. మొదట చదివెను, పిమ్మట తీర్పు చెప్పెను. మన సాహిత్యవివాదములలో ఈ క్రమము తరచు తలక్రిందులగుచుండుట మీరెరుగుదురు.

ఇక మన తెలుగునాట జరిగినదేమో విచారింతము. నవ్యత్వమంతయు మనకు పడమటినుండి దిగుమతియైనదని కొందరి వాదము. తేదీలు ఆ వాదమును నిలువనీయవు. భండారు అచ్చమాంబగారి "ధనత్రయోదశి" 1902లో వెలువడినది. గురజాడ అప్పారావుగారి "దిద్దుబాటు" ఆంధ్రభారతిలో 1910లో అచ్చైనది. "డబ్లినర్సు" కన్న నాలుగేండ్లు ముందు. అందు ఉపోద్ఘాతము లేదు. అర్ధరాత్రి మగడు ఇంటి తలుపు తట్టుటతో కథ ప్రారంభమగును. భార్య పుట్టింటికి పోయినట్లు ఉత్తరము వ్రాసిపెట్టి మంచము క్రింద దాగియుండును. చదువుకొన్న మగవాని బింకము కొన్ని నిమిషములలో కరగిపోవును. ఆ సంవత్సరముననే గురజాడవారి ముత్యాలసరములును వెలువడినవి. డబ్లిను వైపు చూడకయే విజయనగరమున ఈ పని జరిగినది. కాలము ఒక్కటే, అవసరము ఒక్కటే, చేతులు వేరు.

1930 తరువాత మాత్రము పడమటిగాలి మనవైపు నిస్సంశయముగా వీచినది. శ్రీశ్రీ ఆ దశాబ్దమున వ్రాసిన గీతములు 1950లో "మహాప్రస్థానము"గా సంపుటీకరింపబడినవి. శ్రీరంగం నారాయణబాబు అధివాస్తవికతను తెలుగు చేయబూనెను. నెల్లూరి పట్టాభిరామరెడ్డి 1939లో "ఫిడేలు రాగాల డజన్" ప్రకటించి, మద్రాసు నగరపు రణగొణధ్వనిని కవిత్వములోనికి తెచ్చి పెద్దల కోపమునకు గురియయ్యెను. కథలలోను నవలలోను బుచ్చిబాబుగారు మనస్సు లోపలి గదులకు తలుపులు తీసిరి. విశాఖపట్టణమున న్యాయవాదిగా నుండిన రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు "అల్పజీవి" యందు పిరికివాని ఆలోచనాస్రవంతిని నడపిరి. "ఆరు సారా కథలు"లో ఆ నేర్పును పేదవాని పక్షమున, చట్టపు కపటమునకు ఎదురుగా వినియోగించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకని ఒక్క దినమును నవలగా వ్రాసిన నవీన్ గారి "అంపశయ్య" 1969 నాటిది; దాని వెనుక ఒక్క దినపు కథయైన "యులిసీస్" నీడ కలదు.

మన తెలంగాణమునకు ఈ గాలి ఆలస్యముగ చేరుటకు కారణమున్నది. తుంగభద్ర కావలియొడ్డు కర్నూలు మద్రాసు రాజధానిలోనిది. ఈవలియొడ్డు అలంపురము నిజాము రాజ్యములోనిది. 1918లో స్థాపితమైన ఉస్మానియాలో బోధనభాష ఉర్దూ. తెలుగు సభ జరుపుటకే అనుమతి కావలసిన కాలమది. తెలంగాణమున కవులే లేరను మాటకు జవాబుగా, ఈ తాలూకా ఇటిక్యాలపాడు వాస్తవ్యులగు సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో "గోలకొండ కవుల సంచిక" ప్రకటింపవలసివచ్చెను. కవులున్నారని నిరూపించుటకే శ్రమపడవలసిన చోట కొత్త కవిత్వపు చర్చకు తీరిక యెక్కడిది? అయినను ఆ ఋణమును ఈ యూరే తీర్చినది. 1953 జనవరిలో ఆంధ్రసారస్వత పరిషత్తు వార్షికసభలు ఇచ్చట జరిగినవి. గడియారం రామకృష్ణశర్మగారివంటి పెద్దలు వాని భారము వహించిరి. సర్వేపల్లి రాధాకృష్ణపండితులు విచ్చేసిరి. ఆ సభలలోనే కాళోజీగారి "నా గొడవ"ను శ్రీశ్రీ ఆవిష్కరించెను. కాళోజీని ఆయన ఫ్రెంచి నవ్యకవి లూయీ ఆరగానుతో పోల్చిన సంగతి ప్రసిద్ధము. పారిసు కవి పేరును వరంగల్లు కవి పేరును జోడించిన ఆ చరిత్రలో మన యూరికిని పాలున్నది. ఈ సాహిత్యము మన యూరికి కొత్తదనువారు ఈ సంగతిని గమనింపగోరెదను.

పరులనుండి స్వీకరించుట యెట్లో చెప్పుటకు మన ఆలయములకన్న గొప్ప గురువు లేడు. నవబ్రహ్మాలయములు బాదామి చాళుక్యుల నాటివి. వాని శిఖరములను చూడుడు. వానిలో చాలవరకు దక్షిణాది మెట్ల విమానములు కావు. ఉత్తరాదిన పుట్టిన రేఖానాగర శిఖరములు. ఆ రూపు పరదేశపుదని మన స్థపతి త్రోసివేయలేదు. గ్రుడ్డిగా దిగుమతి చేసికొనను లేదు. ఈ తీరపు రాతిపై, ఈ తీరపు ఉలితో చెక్కి, వేయేండ్లకు మించి నిలిచినదిగా చేసెను. శ్రీశైలపు జలాశయమున మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి తెచ్చి ఇచ్చట మరల కట్టుటయు మనము చూచితిమి. క్రమము తప్పిన రాళ్ళు గుట్టయగునేగాని గుడి కాదు. అనువాదమునకును అనుకరణమునకును గల భేదము ఇదియే. యుద్ధము చూడనివాడు ఎలియటు నిరాశను అరువు తెచ్చుకొనుట, చెప్పదగినది లేనివాడు అస్పష్టతను అలంకారముగా ధరించుట రాళ్ళగుట్టలు. "అల్పజీవి" గుడి.

తుదిగా, ఈ యుపన్యాసమున నా ముఖ్యవిన్నపము. నేడు మన పిల్లలు అక్షరాభ్యాసమునుండి ఇంగ్లీషుననే చదువుచున్నారు. దానిని నేను నిందింపను. కూటికొరకైన విద్యను ఎవరు కాదందురు? కాని ఆ చదువు పరీక్షపత్రము దాటి పోవుటలేదు. మాన్స్‌ఫీల్డు కథ నొకదానిని ఆనందముతో చదువగల ఇంగ్లీషు వారికి రాదు. గురజాడ కథను తడుముకొనక చదువగల తెలుగును పోవుచున్నది. రెండు ఒడ్లకు చెందక నడిమి నీటిలో నిలిచిన తరమును మనము పెంచుచున్నాము. ఉద్యమములలో కార్యకర్తగా గ్రామములు తిరిగినవాడను గనుక చెప్పుచున్నాను: జనులు తమ భాషలో ఆలోచించుట మానిననాడు వారికి ఏ స్వరాజ్యమును అక్కరకు రాదు.

గురజాడవారు మొదట ఇంగ్లీషుననే "సారంగధర" కావ్యము వ్రాసిరి. కలకత్తా పత్రికాసంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ దానిని మెచ్చుకొనుచునే, తెలుగున వ్రాయుడని హితవు చెప్పెను. 1920లలో మైసూరునందు యువకుడగు కువెంపు తన ఇంగ్లీషు పద్యములను ఒక ఐరిషు కవికి చూపగా, ఆయన కన్నడమున వ్రాయుమని పంపివేసెను. ఆ ఐరిషు కవి మరెవరో కాదు. మదనపల్లె కజిన్స్ గారే. పరభాషను బాగుగ చదివినవారే మాతృభాష విలువ నెరిగి చెప్పిరి. ఇంగ్లీషును లోతుగ చదువుడు, తెలుగున వ్రాయుడు.

ఇందుకు ధనము అక్కరలేదు. వారమునకొక సాయంకాలము ఈ మందిరమున ఒక తెలుగు కథను, ఒక ఇంగ్లీషు కథను ప్రక్కప్రక్కన చదువుదురు గాక. ఇంగ్లీషు తెలిసినవారు తెలియనివారికి తెలుగున చెప్పవలెను. "దిద్దుబాటు"తో "ఎవెలీన్", కాళోజీతో యేట్సు. చెప్పినవారిలో ఒక విద్యార్థియైనను తాను చెప్పినదానిని కాగితముపై నుంచినచో, అదియే అనువాదము. పది వారములకు పది కథలగును. అవి ఈ బీరువాలో నుండవలెను. ఏడాది గడచిన పిమ్మట ఈ సభయే తిరిగి కూడి, ఎన్ని కాగితములు చేరినవో లెక్క చూచుకొనవలెనని నా ప్రార్థన.